గీత గీశారు, చెరిపేయలేదు
రాతప్రతుల ప్రయాణం – తొమ్మిదో భాగం

ఇలియడ్ మూడో సర్గలో ఒక చిన్న సన్నివేశం ఉంది. మెనెలావోస్‌తో ద్వంద్వయుద్ధంలో చావు అంచుకు చేరిన పారిస్‌ను అఫ్రొడైటీ దేవత పొగమంచు కప్పి తప్పించి, ట్రాయ్ కోటలోని అతని పడకగదిలో దింపుతుంది. ఆ తర్వాత ఉన్ని ఏకే ముసలమ్మ వేషంలో హెలెన్ దగ్గరికి వెళ్తుంది. రానని మొరాయించిన హెలెన్‌ను బెదిరించి మరీ వెంటబెట్టుకొస్తుంది. గదిలో అడుగుపెట్టాక దేవత తన చేత్తోనే పీట తెచ్చి పారిస్‌కు ఎదురుగా వేస్తుంది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దపు తొలినాళ్లలో అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి తొలి అధిపతిగా ఉన్న జెనొడోటస్‌కు ఈ పీట నచ్చలేదు. దేవత ఒక మానవ స్త్రీకి పీట వేయడమేమిటి, హోమర్ ఇంత అనుచితంగా రాసి ఉండడు అని అతని వాదం. ఆ నాలుగు పంక్తులనూ అనుమానించి, ఆ చోట ఏముంటే బాగుంటుందో కూడా సూచించాడు. ఒక శతాబ్దం దాటాక అదే గ్రంథాలయానికి అధిపతి అయిన అరిస్టార్కస్ దీనికి జవాబు చెప్పాడు. దేవత అప్పుడు ముసలి దాసి వేషంలో ఉందన్న సంగతి జెనొడోటస్ మరిచిపోయాడనీ, ఆ వేషానికి ఆ పని తగినదేననీ అతని సమాధానం.

ఈ వాదంలో పైచేయి అరిస్టార్కస్‌దే అని నా అభిప్రాయం. ఇప్పటి సంపాదకులూ ఆ పంక్తులను ఉంచుతున్నారు. కానీ గెలుపోటముల కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది అసలు ఆ వాదం జరగగలగడం. జెనొడోటస్ ఏ పంక్తుల్ని కాదన్నాడో, ఎందుకు కాదన్నాడని నమ్మేవారో అరిస్టార్కస్‌కు తెలుసు. కాదన్న ఆ పంక్తులూ అతని కళ్లెదుట ఉన్నాయి. తీర్పూ మిగిలింది, తీర్పుకు గురైనదీ మిగిలింది. పాఠపరిష్కరణ చరిత్రలో అలెగ్జాండ్రియా పండితులు సరిదిద్దిన తప్పులు చాలానే ఉన్నాయి. వాటన్నిటి కంటే పెద్ద మేలు ఇంకొకటి చేశారని నా వాదన: పాఠాన్ని అనుమానానికి బలి పెట్టకుండా, అనుమానాన్ని పాఠంలో కలిపేయకుండా, రెంటినీ పక్కపక్కన నిలిపే ఉపాయం కనిపెట్టారు. ఆ ఉపాయం ఎడమ అంచున గీసిన ఒక చిన్న అడ్డగీత.

దాని అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే వాళ్ల ముందున్న ప్రతుల స్థితి చూడాలి. టాలెమీ రాజులు దేశదేశాల నుంచి పుస్తకాలు రప్పించిన కథ గత భాగాల్లో చెప్పుకున్నాం. పుస్తకాలు పోగుపడగానే ఒక ఇబ్బంది బయటపడింది. ఏ రెండు హోమర్ ప్రతులూ ఒకలా లేవు. కియోస్ ప్రతి, ఆర్గోస్ ప్రతి, మస్సాలియా ప్రతి అంటూ ఊరి పేర్లతో పిలిచే ప్రతుల్ని పాత వ్యాఖ్యలు పేర్కొంటాయి. ఈజిప్టు ఇసుకలో దొరికిన క్రీస్తుపూర్వం మూడో శతాబ్దపు పపైరస్ ముక్కల్ని చూస్తే పరిస్థితి ఇంకా స్పష్టమవుతుంది. మనకిప్పుడు తెలిసిన ఇలియడ్‌లో లేని పంక్తులు వాటిలో గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. గాయకులు, బడిపంతుళ్లు, లేఖకులు తలా ఒక చెయ్యి వేశారన్నమాట. ఇలాంటి స్థితిలో పండితుడికి మొదట తోచేది కత్తిరించడమే. అది పాఠకులకు ఎంత భయం పుట్టించిందో ఒక పాత ముచ్చట చెబుతుంది. హోమర్ కావ్యం నమ్మదగిన ప్రతి ఎక్కడ దొరుకుతుందని కవి అరాటస్ అడిగితే, ఫ్లియస్ నివాసి టైమన్ పాత ప్రతులు వెతుక్కోమన్నాడట, ఈ మధ్య దిద్దినవాటి జోలికి పోవద్దన్నాడట. డయొజెనీస్ లేర్షియస్ నమోదు చేసిన ఈ మాటలో పండితుల మీద అపనమ్మకం ఉంది. అందులో న్యాయమూ ఉంది. దిద్దిన ప్రతిలో దిద్దుబాటు ఎక్కడ జరిగిందో కనిపించకపోతే పాఠకుడు కవిని చదువుతున్నాడో, సంపాదకుణ్ణి చదువుతున్నాడో చెప్పలేం.

జెనొడోటస్ మొదలుపెట్టిన అడ్డగీతకు గ్రీకులో ఒబెలోస్ అని పేరు. ఈ పంక్తి కవిది కాదేమో అని దాని అర్థం. తర్వాత వచ్చిన బైజాంటియమ్ అరిస్టోఫనీస్ మరికొన్ని గుర్తులు చేర్చాడు. అతని శిష్యుడు అరిస్టార్కస్ వాటిని ఒక పద్ధతిలో పెట్టాడు. మరోచోట కూడా వచ్చిన పంక్తులకు నక్షత్రం. ఇక్కడ అది పొసగదనుకుంటే నక్షత్రంతో పాటు అడ్డగీత. వరుస తప్పిందనుకున్న చోట తిరగేసిన సిగ్మా. భాషలోనో కథలోనో గమనించదగ్గ విశేషం ఉంటే డిప్లే అనే, ఈటెమొన ఆకారపు గుర్తు. అదే గుర్తుకు చుక్కలు పెడితే ఇక్కడ జెనొడోటస్‌తో నాకు పేచీ ఉందని అర్థం. ఈ చివరి గుర్తు దగ్గర కాస్త ఆగాలి. ముందుతరం పండితుడితో వచ్చిన విభేదానికి విడిగా ఒక గుర్తు కేటాయించారంటే, విభేదం కూడా నమోదు చేయదగిన విషయమేనని వాళ్లు గుర్తించారు. ఆ చుక్కల డిప్లే లేకపోతే పీట గొడవ మన దాకా వచ్చేదే కాదు.

గుర్తు ఒంటరిగా పనిచేయదు. కావ్యం ఒక చుట్టలో, వ్యాఖ్య ఇంకో చుట్టలో ఉండేవి. అంచున గుర్తు చూసిన పాఠకుడు రెండో చుట్ట విప్పి, ఆ పంక్తి మొదటి మాటలు వెతుక్కుని, కారణం చదువుకోవాలి. అరిస్టార్కస్ వ్యాఖ్యలే 800 చుట్టలకు పైగా ఉండేవని సూడా అనే బైజాంటైన్ నిఘంటువు చెబుతోంది. ఈ ఏర్పాటులో ఒక క్రమశిక్షణ ఉంది. గీత గీసినవాడు కారణం చెప్పక తప్పదు, కారణం చెప్పాక దాన్ని ఎవరైనా పరీక్షించవచ్చు. కత్తిరించినవాడికి ఆ బాధ్యత ఉండదు, ఎందుకంటే అడిగేవాడికి అడగడానికి ఏమీ మిగలదు.

దీనికి మొదటి అభ్యంతరం గట్టిదే. ఈ పండితుల కారణాలు చాలాసార్లు పేలవంగా ఉన్నాయి, అలాంటి కారణాలతో గీసిన గీతలకు ఇంత గౌరవం ఎందుకని అడగవచ్చు. ఉదాహరణకు మొదటి సర్గ చూడండి. కూతుర్ని విడిపించుకోవడానికి వచ్చిన పూజారి క్రైసీస్‌తో అగమెమ్నాన్ ఆమెను వదిలేది లేదంటాడు. ఆర్గోస్‌లో తన ఇంట్లో మగ్గం నేస్తూ, తన పడక పంచుకుంటూ ముసలిదైపోతుందంటాడు. ఈ మూడు పంక్తుల మీద అరిస్టార్కస్ గీత గీశాడు. ఇవి బెదిరింపు పదును తగ్గిస్తున్నాయన్నాడు. రాజుతో కలిసి ఉంటుందంటే తండ్రి సంతోషిస్తాడు కదా అన్నాడు, రాజు నోట ఇలాంటి మాట తగదు అన్నాడు. చదివిన ఎవరికైనా ఆ పంక్తుల్లోని క్రూరత్వమే వాటికి ప్రాణమని తెలుస్తుంది. తండ్రి మొహం మీద అన్న మాట అది. అలాగే కావ్యం తొలి పేజీలోనే, వీరుల శవాలు కుక్కలకూ పక్షులకూ ఆహారమయ్యాయని చెప్పే నాలుగో అయిదో పంక్తుల్ని జెనొడోటస్ అనుమానించాడు. ఈ వ్యవహారం పామర పాఠకులకు కూడా తెలుసు. రెండో శతాబ్దపు రచయిత లూసియన్ తన నిజమైన కథ అనే కల్పనలో కథానాయకుణ్ణి పుణ్యాత్ముల ద్వీపానికి పంపి, ఈ గీతలు పడ్డ పంక్తులు నీవేనా అని హోమర్‌నే అడిగిస్తాడు. అన్నీ నావేనని హోమర్ చెబుతాడు.

లూసియన్ ఎగతాళిని కాదనను. ఔచిత్యం అనే కొలబద్దతో ప్రాచీన కవిని కొలిచినప్పుడు తమ కాలపు రాజసభ మర్యాదలే కొలమానమయ్యాయి. మన దగ్గర కూడా కవికి తగదు అన్న ఒక్క మాటతో ప్రక్షిప్తమని ముద్ర వేసినవాళ్లు ఉన్నారు. అయితే ఈ అభ్యంతరం గీత మీద కాదు, గీసినవాడి అభిరుచి మీద. ఆ అభిరుచి తప్పని మనం ఇవాళ అనగలుగుతున్నామంటే అందుకు కారణం ఆ పంక్తులు మిగలడమే. లూసియన్ పాత్ర హోమర్‌ను ఆ ప్రశ్న అడగాలంటే ఏ పంక్తులో ముందు తెలిసి ఉండాలి. తప్పు చేసే పండితుడికే గీత అవసరం. తప్పు చేయనివాడెవడైనా ఉంటే, అతను నిశ్చింతగా కత్తెర పట్టుకోవచ్చు.

కత్తెర పట్టుకుంటే ఏమవుతుందో చెప్పే సాక్ష్యం కూడా దొరికింది. తొమ్మిదో సర్గలో ముసలి ఫీనిక్స్ అకిలీస్‌కు తన యౌవనం కథ చెబుతాడు. తండ్రి తనను శపించాడని అంటాడు. కోపంతో తండ్రిని చంపాలనుకున్నాననీ, ఎవరో దేవుడు తన కోపాన్ని ఆపాడనీ చెప్పే నాలుగు పంక్తుల్ని ప్లూటార్క్ తన వ్యాసమొకదానిలో ఉదహరించి, అరిస్టార్కస్ భయపడి వీటిని తీసేశాడని రాశాడు. ప్లూటార్క్ ఆ మాట రాయకపోతే అవి ఉన్నాయన్న సంగతే మనకు తెలిసేది కాదు, ఎందుకంటే ఇలియడ్ రాతప్రతుల్లో అవి లేవు. దీని మీద పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. అరిస్టార్కస్ నిజంగా తీసేశాడా, లేక అతని కాలానికే చాలా ప్రతుల్లో అవి లేవా, అసలు హోమర్‌వేనా అన్నది తేలలేదు. తేలకపోవడమే ఇక్కడ గమనించాల్సింది. అగమెమ్నాన్ మూడు పంక్తుల గురించి ముందువెనుకలు చూసి, ఛందస్సు చూసి, ప్రతులు పోల్చి వాదించవచ్చు. ఫీనిక్స్ నాలుగు పంక్తుల గురించి ఒక్క సాక్షి మాట నమ్మడమో మానడమో తప్ప దారి లేదు. గీత పడ్డ పంక్తికి, పోయిన పంక్తికి ఉన్న తేడా అంత.

పపైరస్ ముక్కలు ఈ వాదాన్ని ఇంకో కోణం నుంచి బలపరుస్తాయి. సుమారు క్రీస్తుపూర్వం 150 తర్వాతి హోమర్ పపైరస్‌లలో అంతకుముందటి అదనపు పంక్తులు దాదాపు మాయమవుతాయి, కావ్యం పొడవు కుదుటపడుతుంది. అది అరిస్టార్కస్ కాలమే కాబట్టి అతని ప్రభావమని చాలామంది భావిస్తారు. అతను గీత గీసిన పంక్తులు మాత్రం ప్రతుల్లో కొనసాగాయి. అంటే పాత ప్రతుల సాక్ష్యం లేనివాటిని వదిలేయడం ఒకటి, సాక్ష్యం ఉన్నా తన బుద్ధికి నచ్చనివాటిని గుర్తుపెట్టి ఉంచడం ఒకటి. ఈ రెండు పనుల మధ్య హద్దు వాళ్లకు తెలుసు. అన్నీ ఉంచాలన్న మొండితనం లేదు, నచ్చనివన్నీ తీసేయాలన్న అహంకారమూ లేదు. ప్రతుల మాట వేరు, నా మాట వేరు అని చెప్పగలగడం చదువులో చాలా ఆలస్యంగా వచ్చే పరిణతి. రెండు వేల ఏళ్ల కిందట అది ఒక పద్ధతిగా స్థిరపడిందంటే నాకు గౌరవం కలుగుతుంది.

ఈ గుర్తులు కావ్యం నుంచి పవిత్ర గ్రంథానికి దాటడం మరో మలుపు. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో పెరిగి, తర్వాత పాలస్తీనాలోని కైసరయలో స్థిరపడిన క్రైస్తవ పండితుడు ఓరిగెన్‌కు ఎదురైన చిక్కు హోమర్ పండితులది కంటే కష్టమైనది. సంఘాల్లో చదివే గ్రీకు పాత నిబంధనకూ యూదుల హీబ్రూ మూలానికీ చాలాచోట్ల పొంతన లేదు. గ్రీకులో కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ. హీబ్రూ మూలం, దాని ఉచ్చారణ గ్రీకు లిపిలో, అక్విలా అనువాదం, సిమ్మకస్ అనువాదం, సంఘాలు వాడే డెబ్భై మంది అనువాదం, థియొడోషన్ అనువాదం: ఈ ఆరింటినీ పక్కపక్కన ఆరు నిలువు వరుసల్లో రాయించి హెక్సాప్లా అనే బృహద్గ్రంథం తయారుచేశాడు. హీబ్రూలో లేకుండా గ్రీకులో మాత్రమే ఉన్నవాటికి అరిస్టార్కస్ అడ్డగీత పెట్టాడు. గ్రీకులో లేక హీబ్రూలో ఉన్నవాటిని ఇతర అనువాదాల నుంచి తెచ్చి చేర్చి, చేర్చిన చోట నక్షత్రం పెట్టాడు. ఎక్కడ ముగిసిందో తెలియడానికి ఇంకో గుర్తు. నక్షత్రానికి ఇక్కడ అర్థం మారిపోయింది: ఇది నేను తెచ్చి అతికించినది, గమనించండి అని. (శిథిలమైన భాగవత స్కంధాలను పూరించిన గంగన, సింగన, నారయలు స్కంధాంత గద్యల్లో తమ పేర్లు వేసుకుని పోతన భాగాన్ని, తమ భాగాన్ని వేరుగా ఉంచడం తెలుగులో ఇలాంటి నిజాయితీకి మంచి ఉదాహరణ.)

ఎందుకు తీసేయలేదో ఓరిగెనే మత్తయి సువార్త వ్యాఖ్యానంలో చెప్పుకున్నాడు. హీబ్రూలో లేనివాటిని పూర్తిగా తొలగించే సాహసం చేయలేక గుర్తు పెట్టాననీ, ఇష్టమైనవాళ్లు ఒప్పుకోవచ్చు, ఇష్టం లేనివాళ్లు మానుకోవచ్చనీ దాని సారాంశం. భక్తితో చదివే గ్రంథంలో పండితుడు చేయి పెట్టినప్పుడు ఎటు తిరిగినా నింద తప్పదు. గీత ఆ ఇరుకులో ఒక దారి చూపింది. యూదు సంప్రదాయంలోనూ దాదాపు ఇదే ఆలోచన మరో రూపంలో ఉంది. హీబ్రూ లేఖనాల్లో 15 చోట్ల కొన్ని అక్షరాల మీద వింత చుక్కలుంటాయి, వాటిలో 10 చోట్లు తోరాలోనివే. వాటి గురించి రబ్బీలు చెప్పుకున్న కథ ఇది: ఏలీయా ప్రవక్త వచ్చి ఇలా ఎందుకు రాశావని నిలదీస్తే, చుక్కలు పెట్టాను కదా అని చెబుతాననీ, సరిగ్గానే రాశావంటే చుక్కలు తీసేస్తాననీ లేఖకుడు ఎజ్రా అనుకున్నాడట. ఇది చరిత్ర కాకపోవచ్చు. అయినా అనుమానపు గుర్తు చేసే పనిని ఇంత సూటిగా వివరించిన కథ నాకు మరొకటి తెలియదు. తుది తీర్పు వచ్చేదాకా అక్షరమూ ఉంటుంది, చుక్కా ఉంటుంది.

ఇప్పుడు రెండో అభ్యంతరం. దీని ముందు నా వాదన నిజంగానే తడబడుతుంది. గుర్తులు లేఖకుల చేతుల్లో నిలవవు. కష్టపడి అక్షరాలు ఎక్కించుకునే లేఖకుడికి అంచున ఉన్న గీతలు అనవసరపు శ్రమ. హోమర్ పపైరస్‌లు వేయికి పైగా దొరికినా గుర్తులున్నవి కొద్దే. హోమర్ విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. అడ్డగీత పోతే అనుమానం పోతుంది, పంక్తి మిగులుతుంది. ఓరిగెన్ నక్షత్రం పోతే మాత్రం జరిగేది వేరు. చేర్పు మూలంలో కలిసిపోతుంది. సరిగ్గా అదే జరిగింది. ఓరిగెన్ తర్వాత పాంఫిలస్, యూసెబియస్‌లు ఆ అయిదో వరుసను విడిగా నకళ్లు తీయించి వ్యాప్తిలోకి తెచ్చారు. ఆ నకళ్లకు నకళ్లు పుట్టేకొద్దీ గుర్తులు రాలిపోయాయి. యోబు గ్రంథం పాత గ్రీకు అనువాదం హీబ్రూ కంటే సుమారు ఆరో వంతు చిన్నది. లోటైన పంక్తులు 700 నుంచి 800 దాకా ఉంటాయని జెరోమ్ లెక్క. ఓరిగెన్ వాటిని థియొడోషన్ నుంచి తెచ్చి నక్షత్రాలతో నింపాడు. నక్షత్రాలు రాలాక నిండిన యోబే అసలు యోబుగా చెలామణీ అయింది. అయిదో శతాబ్దం తొలి ఏళ్లలో జెరోమ్ అగస్టీన్‌కు రాసిన లేఖలో ఈ పరిస్థితిని ఎత్తిపొడిచాడు: డెబ్భై మంది అనువాదమే కావాలంటే నక్షత్రం కిందివన్నీ కొట్టేయాలి, అప్పుడు సంఘాల గ్రంథాలయాలన్నిటినీ తప్పుపట్టాల్సి వస్తుంది, చేర్పులు లేని ప్రతి ఒకటో రెండో దొరకడమే గగనం అన్నాడు. అదే అగస్టీన్ అంతకు కొన్నేళ్ల ముందు, యోబులో చేసినట్టే మిగతా పుస్తకాల్లోనూ ఆ గుర్తులు పెట్టమని జెరోమ్‌ను బతిమాలి ఉన్నాడు.

కాబట్టి ఓరిగెన్ మేలు చేయబోయి కీడు చేశాడని అనేవాళ్లున్నారు. పాఠాన్ని శుద్ధి చేయడానికి పూనుకున్న పనే గ్రీకు బైబిల్‌ను అంతకుముందు కంటే ఎక్కువ కలగాపులగం చేసిందన్నది కాదనలేని మాట. నా జవాబు పూర్తి జవాబు కాదు, సగమే. గుర్తు పోయిన ప్రతి నుంచి నిజం బయటపెట్టలేం. గుర్తు ఉన్న ప్రతి ఒక్కటి మిగిలినా, పోయిన ప్రతులన్నిటినీ దానితో సరిచూడవచ్చు. క్రీస్తుశకం 616 ప్రాంతంలో తెల్లా బిషప్ పాల్ అలెగ్జాండ్రియాకు దగ్గర్లోని ఎనాటన్ మఠంలో కూర్చుని ఓరిగెన్ వరుసను సిరియాక్ భాషలోకి అనువదించాడు. గీతల్నీ నక్షత్రాల్నీ ఉన్నచోట ఉన్నట్టు దించుకున్నాడు. గుర్తులు పుట్టిన ఊరి పొలిమేరలోనే, పుట్టిన ఎనిమిది తొమ్మిది వందల ఏళ్లకు, మరో భాషలోకి మారి బతికిపోయాయి. దాని పాత ప్రతి ఒకటి మిలాన్‌లోని అంబ్రోజియానా గ్రంథాలయంలో ఉంది. 1874లో చెరియానీ దాన్ని ఛాయాప్రతిగా ప్రచురించాడు. గుర్తులున్న కొన్ని గ్రీకు ముక్కలు, చేర్పులు లేని పాత కాప్టిక్ యోబు దానికి తోడయ్యాయి. ఓరిగెన్ తెచ్చి అతికించినదేదో, పాతదేదో చాలావరకు విడదీయడం ఆధునిక పండితులకు వీటివల్లే సాధ్యమైంది. మౌనంగా కలిపేసి ఉంటే విడదీయడానికి కొస కూడా దొరికేది కాదు.

హోమర్ గుర్తులకూ ఇలాంటి అదృష్టమే పట్టింది. అగస్టస్ కాలంలో అరిస్టోనికస్ అనే పండితుడు ఈ గుర్తుల మీదే ఒక పుస్తకం రాశాడు. ఏ గుర్తు ఎక్కడ ఎందుకు ఉందన్నదే అందులో విషయం. అతని రచన సారమూ, డిడిమస్, నికనోర్, హెరోడియన్‌ల రచనల సారమూ కలిసి ఒక వ్యాఖ్యగా మారింది. పదో శతాబ్దంలో ఎవరో బైజాంటైన్ లేఖకుడు ఇలియడ్ మొత్తాన్ని తోలు కాగితాల మీద రాసి, అంచుల్లో గుర్తులు పెట్టి, చుట్టూ ఆ వ్యాఖ్యను నింపాడు. రెండు చుట్టల్లో విడివిడిగా ఉండే గుర్తూ కారణమూ ఒకే పుటలోకి వచ్చాయి. కార్డినల్ బెస్సారియన్ గ్రంథాలతో పాటు అది వెనిస్ చేరింది. 1788లో విల్వాజోన్ అనే ఫ్రెంచ్ పండితుడు దాన్ని ముద్రించాడు. ఏడేళ్లకు, 1795లో, జర్మనీలో ఫ్రీడ్రిఖ్ ఆగస్ట్ వోల్ఫ్ ఆ వ్యాఖ్యల ఆధారంగా హోమర్ పాఠం ఎలా రూపుకట్టిందన్న ప్రశ్న లేవదీశాడు. ఆధునిక హోమర్ చర్చ అంతా అక్కడి నుంచే ఊపందుకుంది. ఆ లేఖకుడు గుర్తుల్ని వదిలేసి ఉంటే వోల్ఫ్‌కు హోమర్ ఉండేవాడు, హోమర్ చరిత్ర ఉండేది కాదు.

మూడో అభ్యంతరం సున్నితమైనది. గీత తటస్థం కాదు, అదే ఒక శిక్ష అని. గీత పడ్డ పంక్తిని పాఠకుడు అనుమానంతోనే చదువుతాడు, ఉపాధ్యాయుడు దాటేస్తాడు. ఒడిస్సీ 23వ సర్గ 296వ పంక్తి దగ్గర కావ్యం ముగిసిందని అరిస్టోఫనీస్, అరిస్టార్కస్ ఇద్దరూ అన్నారు. పెనెలోపీ, ఒడిస్యూస్ పాత పడకకు చేరే చోటు అది. ఆ ఒక్క మాట వల్ల మిగిలిన 23వ సర్గా 24వ సర్గా ఇవాళ్టికీ తమ ఉనికికి సంజాయిషీ చెప్పుకుంటూనే ఉన్నాయి. ముసలి లయర్టీస్ తోటలో తండ్రీ కొడుకులు కలుసుకునే ఘట్టం 24వ సర్గలోనిదే. అది లేని ఒడిస్సీని నేను కోరుకోను. ఇంత మంచి ఘట్టం మీద నీడ పడిందని బాధ కలుగుతుంది. అయినా నీడ పడటం వల్లే ఆ భాగాన్ని సమర్థించేవాళ్లు దాని భాషనూ నిర్మాణాన్నీ మరింత లోతుగా పరిశీలించాల్సి వచ్చింది. అధికారం ఉన్న ప్రతి తీర్పూ పక్షపాతం పుట్టిస్తుంది. కనిపించే పక్షపాతాన్ని ఎదిరించవచ్చు. దిద్దిన చేతిని దాచేసే ప్రతిలోనూ పక్షపాతం ఉంటుంది, ఎదిరించడానికే చోటు ఉండదు.

ఆధునిక కాలంలో ఈ పద్ధతి అక్షరం దాకా దిగింది. 1931లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కలిసిన పండితులు పపైరస్‌లకూ శాసనాలకూ ఉమ్మడి గుర్తులు ఖాయం చేశారు. అక్షరం కింద చుక్క ఉంటే ఆనవాళ్లను బట్టి చదివిందే తప్ప నిశ్చయం కాదు. చదరపు బ్రాకెట్లలో ఉన్నది శిథిలమైన చోట సంపాదకుడు పూరించినది. మన శాసన సంపుటాలు తిరగేసినవాళ్లకు బ్రాకెట్లు, గ్రంథపాతపు చుక్కలు కొత్త కాదు. చరిత్రకారులు ఆ శాసనాల్ని ఉటంకించేటప్పుడు బ్రాకెట్లు తీసేసి, పూరణను శాసనం మాటగానే చలామణీ చేయడం కూడా కొత్త కాదు. ఓరిగెన్ నక్షత్రాల గతే వీటికీ పడుతోంది. ఈ అలవాటు మానాలని గట్టిగా చెప్పదలిచాను. బ్రాకెట్ల మధ్య ఉన్న రాజు పేరు మీద వంశవృక్షం కట్టకూడదు.

మహాభారతం దగ్గరికి వస్తే, పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థలో విష్ణు సీతారాం సుక్తంకర్ 1933లో పూర్తిచేసిన ఆదిపర్వ సంశోధిత ప్రతిలో పుటలు తిప్పుతుంటే కొన్ని మాటల కింద అలలా వంకర తిరిగిన గీత కనిపిస్తుంది. ఆ పాఠం నిశ్చయం కాదని దాని అర్థం. శారద, నేపాలీ, మైథిలీ, బెంగాలీ, దేవనాగరి, తెలుగు, గ్రంథ, మలయాళ లిపుల ప్రతులు పోల్చి, నన్నయ ఆంధ్రీకరణనూ ఒక సాక్షిగా చూసి, అయినా తేలని చోట ఆయన ఆ అలగీత గీశాడు. ప్రక్షిప్తమనుకున్న చిన్న భాగాల్ని నక్షత్రపు సంఖ్యలతో పుట అడుగున, పెద్దవాటిని అనుబంధంలో పెట్టాడు. వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాసిన కథ ఇలా అనుబంధానికి చేరింది. మన తాతలు నమ్మిన కథను పండితులు కొట్టేశారన్న ఆవేదన తెలుగు పాఠకుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ ఆవేదనకు కారణం ఉంది. పంక్తిని ఉన్నచోట ఉంచి గీత గీయడం వేరు, అడుగుకు దించడం వేరు. సుక్తంకర్ అరిస్టార్కస్ కంటే ఒక అడుగు ముందుకు వేశాడు. ప్రతులన్నీ ఉమ్మడిగా మోసే పాఠాన్ని విడదీసి చూపాలంటే ఆయనకు వేరే దారి లేదని నేననుకుంటాను. కానీ వినాయకుడి కథ ఎక్కడికీ పోలేదు. ఏ ప్రతుల్లో ఉందో, ఏ ప్రతుల్లో లేదో, ఏ మాటకు ఏ పాఠాంతరం ఉందో సహా ఆ పుస్తకంలోనే ఉంది. సుక్తంకర్ నిర్ణయం తప్పని వాదించదలిచినవాడికి కావలసిన సామగ్రి అంతా సుక్తంకర్ స్వయంగా సమకూర్చి పెట్టాడు. నష్టం జరిగేది అనువాదాల్లో. సంశోధిత ప్రతి ఆధారంగా వచ్చే అనువాదం చదివేవాడికి అలగీత సాధారణంగా కనబడదు, అనుబంధాలు చేతికందవు. నిశ్చయమైన శ్లోకమూ నిశ్చయం కాని శ్లోకమూ ఒకే గొంతుతో వినిపిస్తాయి. అనువాదకులు కనీసం అలగీత పడ్డ చోట్లనైనా పుట అంచున చూపవచ్చు. దానికి పట్టే సిరా చాలా తక్కువ.

గుర్తులు పెట్టిన పండితుల గురించి ఇంతవరకు చెప్పుకున్నాం. ఆ గుర్తుల్ని చేత్తో ఎక్కించిన లేఖకుల గురించి, వాళ్ల కూలి, వాళ్ల సిరా, పుస్తకం చివర వాళ్లు రాసుకున్న వేడికోళ్ల గురించి వచ్చే భాగంలో.

(సశేషం)